చూచినది, చేర్చినది

చిత్రలేఖనపు తరగతి పిల్లలను ఒక ఉపాధ్యాయుడు ఊరి చెరువుగట్టుకు తీసికొనిపోయి, ఎదుట కనబడే గుడిని, స్నానపు మెట్లను, గట్టుమీది రావిచెట్టును చూచి గీయుమన్నాడనుకొందాము. గంటసేపటికి కాగితాలు ఆయన చేతికి వచ్చినవి. ఒక పిల్లవాడి చెరువులో పడవ ఉన్నది. ఆ చెరువులో పడవ ఏనాడూ లేదు. ఒక బాలిక గుడి వెనుక నీలపు కొండలను నిలబెట్టినది. ఆ ఊరి చుట్టుపట్ల ఎక్కడా కొండ అన్నది లేదు. ఈ రెండు కాగితాలను ఆయన ఏమి చేయవలె? చూచినది గీయుమంటే చూడనిది గీసినారని కొట్టివేయవలెనా, ఊహాశక్తి గలదని మెచ్చుకొనవలెనా?

కొట్టివేయటం పాతకాలపు పద్ధతి. ఏది గీసినా బాగున్నదనటం కొత్తగా వచ్చిన పద్ధతి. మొదటిది చేతికి క్రమశిక్షణ నేర్పుతుంది, రెండవది పిల్లల మనసు నొప్పించదు. కాని రెండింటిలోనూ ఆ పడవ ఎందుకు వచ్చినదని అడిగేవారు లేరు. నిజానికి అడుగవలసిన ప్రశ్న అదే. పేరుగాంచిన చిత్రకారుల పని ఎదుట ఆ ప్రశ్ననే వేసి చూస్తే, లేనిదానిని చేర్చటమనే పనికి ఎన్ని ముఖాలున్నవో తెలుస్తుంది.

ఇటలీ దేశంలోని వెనిస్ నగరాన్ని కనలెట్టో చిత్రించినంతగా మరెవరూ చిత్రించలేదు. 1697లో పుట్టి 1768లో గతించిన ఈ చిత్రకారుడు ఆ నగరపు కాలువలను, వంతెనలను, మేడలను ఎంత నిక్కచ్చిగా గీసినాడంటే, ప్రయాణికులు ఆ చిత్రాలను కొని జ్ఞాపకార్థం ఇండ్లకు తీసికొనిపోయేవారు. అటువంటివాడే, సెయింట్ మార్కు దేవాలయపు ముఖభాగంమీద ఉండే నాలుగు కంచుగుర్రాలను 1743లో ఒక చిత్రంలో కిందికి దింపి, పక్కనున్న చావడిలో ఎత్తైన దిమ్మెలమీద వరుసగా నిలబెట్టినాడు. మరొక చిత్రంలో ఆ నగరపు ప్రసిద్ధమైన రియాల్టో వంతెనను తీసివేసి, దాని స్థానంలో పల్లాడియో అనే వాస్తుశిల్పి ఊహించగా ఎన్నడూ కట్టబడని వంతెనను కట్టినాడు. అల్గరొట్టి అనే పండితుని కోసం వేసిన అట్టి చిత్రంలో, వంతెనకు ఇరువైపుల విచెంజా నగరంలోని పల్లాడియో భవనాలను కూడ తెచ్చి పెట్టినాడు. కాలువ వెనిస్‌ది, మేడలు పొరుగూరివి, వంతెన కాగితంమీద తప్ప ఎక్కడిదీ కాదు.

దీనిని మోసమనగలమా? అనలేము. ఎందుకనగా రియాల్టో వంతెన నిత్యం కంటబడే వెనిస్ నగరవాసికి ఇది లేని వంతెన అని వేరుగా చెప్పనక్కరలేదు. చిత్రకారుడూ చూపరీ కలిసి ఆడుకొనే ఆట అది. అంతేగాక, ఇంచుమించు 1744లో కనలెట్టో రాగిరేకులమీద చెక్కి అచ్చువేసిన సుమారు ముప్పది చిత్రాల సంపుటికి పెట్టిన పేరు చూడదగినది. కొన్ని స్థలంనుండి తీసికొన్నవి, కొన్ని ఊహించినవి అని ఆ పేరులోనే చెప్పినాడు. ఏ చిత్రం ఏ కోవకు చెందినదో విడివిడిగా చెప్పలేదు గాని, రెండూ ఉన్నవని మాత్రం గడపలోనే హెచ్చరించినాడు. ఆ ఒక్క ముఖపత్రం కళాచరిత్రలోని ఎన్నో వాదాలకన్న విలువైనది.

పడవను చేర్చటం వేరు, వాతావరణాన్నే మార్చటం వేరు. జపాను దేశపు హిరోషిగే 1833, 1834 ప్రాంతాలలో టొకైడో రాజమార్గపు మజిలీలను కొయ్య అచ్చులతో చిత్రించినాడు. అందులో కంబరా అనే ఊరి చిత్రం ప్రసిద్ధం. రాత్రివేళ, ఇండ్ల కప్పులమీద మంచు బరువుగా పేరుకొని ఉండగా, ముగ్గురు మనుషులు తలలు వంచుకొని నడుస్తూ ఉంటారు. చూచేవారికి చలి వేస్తుంది. అయితే కంబరా సముద్రతీరపు వెచ్చని ఊరు. అంతటి మంచు అక్కడ కురియటం చాల అరుదు. దారిలో ఏదో ఒక మజిలీలో ప్రయాణికునికి కలిగే ఒంటరితనాన్ని, బడలికను చూపటానికి హిరోషిగే ఆ ఊరిమీద మంచు కురిపించినాడనుకొనవలె. అంతకు దాదాపు మూడు శతాబ్దుల ముందే బ్రూగెల్ తన చల్లని పల్లపు నేలకు పర్వతాలను తెచ్చినాడు. 1550 దశకపు తొలి సంవత్సరాలలో ఇటలీ యాత్రకు పోయి ఆల్ప్స్ పర్వతాలను దాటినవాడు, 1565లో వేసిన "మంచులో వేటగాండ్రు" అనే చిత్రంలో ఫ్లాండర్స్ పల్లె వెనుక ఆ శిఖరాలను నిలబెట్టినాడు. ఆ దేశంలో అట్టి శిఖరం ఒక్కటి కూడ లేదు. మన బాలిక గుడి వెనుక పెట్టిన కొండలకు పెద్ద దిక్కే ఉన్నదన్నమాట.

ఈ విషయాన్ని లోతుగా తవ్వి చూచినవాడు మాత్రం ఇంగ్లండు దేశపు జాన్ రస్కిన్. ఆయనకు ఆధారమైన చిత్రం టర్నర్‌ది.

టర్నర్ జీవితమంతా దేశాటనమే. ఎక్కడికి పోయినా జేబులో చిన్న పుస్తకం, చేతిలో పెన్సిలు. అతని మరణానంతరం దేశానికి దక్కిన రేఖాచిత్రాల పుస్తకాలు సుమారు 300. 1842లో, అరువదియేడేండ్ల వయసులో, స్విట్జర్లండులోని సెయింట్ గొథార్డు కనుమ దిగువన ఫైడో అనే ఊరివద్ద ఒక చిన్న స్థలచిత్రం గీసినాడు. టిచీనో నది రాళ్లమధ్య నురగలు కక్కుతూ ప్రవహించే చోటు అది. దానిని చూచి రస్కిన్ పెద్ద చిత్రం వేయించుకొన్నాడు. 1843లో టర్నర్ దానిని నీటిరంగులలో పూర్తిచేసి ఇచ్చినాడు. ఇప్పుడది న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయంలో ఉన్నది.

చిత్రాన్ని గోడకు తగిలించుకొని ఊరుకొనే స్వభావం రస్కిన్‌ది కాదు. 1845లో స్వయంగా ఫైడోకు పోయి, టర్నర్ గీసిన చోటును వెదకి పట్టుకొని, అక్కడ ఉన్నది ఉన్నట్లు తాను గీసినాడు. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు కొట్టవచ్చినట్లు కనబడినవి. టర్నర్ చిత్రంలో కొండలు ఆకాశాన్ని మూసివేస్తూ నిలిచి ఉన్నవి. అసలు స్థలంలో అవి అంత ఎత్తైనవి కావు. లోయలో ఉన్న చెట్లు చిత్రంలో లేవు. దారిమీద చిత్రంలో గుర్రపుబండి ఒకటి వస్తూ ఉన్నది.

మరొకడైతే టర్నర్‌ను అబద్ధాలకోరు అనేవాడు, లేక గొప్పవారికి అన్నీ చెల్లుతవని వదలివేసేవాడు. రస్కిన్ ఆ రెండు పనులూ చేయలేదు. 1856లో వెలువడిన "ఆధునిక చిత్రకారులు" నాలుగవ సంపుటంలో ఉన్నదున్నట్టి పటాన్ని, టర్నర్ కూర్పును అనుసరించిన పటాన్ని రెండింటిని అచ్చువేసి, ఒక్కొక్క మార్పుకు కారణం వెదకినాడు. ఆయన చెప్పినదాని సారం ఇది: ఫైడోకు వచ్చేవాడు ఆకాశంనుండి ఊడిపడడు. అంతకుముందే సెయింట్ గొథార్డు కనుమగుండా, ఇరుకైన కొండగండిగుండా, నెత్తిమీద వేలాడే బండలకింద గంటలతరబడి ప్రయాణం చేసి వస్తాడు. ఆ భయం, ఆ గౌరవం మనసులో ఇంకా చల్లారకముందే ఈ చోటు కంటబడుతుంది. ఆ మనసుతో చూచినవానికి ఈ కొండలు చిన్నవి కావు. ఎత్తు కొలిచి గీసిన పటం కొండలకు న్యాయం చేసినా, ప్రయాణికుని అనుభవానికి న్యాయం చేయలేదు. దాటి వచ్చిన గండి జ్ఞాపకం టర్నర్ చేతిలో కొండల ఎత్తుగా మారినది. చెట్లు రాళ్ల కాఠిన్యానికి అడ్డు తగిలినందున పోయినవి. బండి అట్లాగే వచ్చినది. ఇంతటి భీకరమైన చోట కూడ మనిషి దారి వేసికొని బండి తోలుకొని పోతున్నాడనేదే ఆ స్థలంలోని అసలు వింత. బండి లేకపోతే అది వట్టి రాళ్లకుప్ప.

ఇంతవరకు చదివి, ఇక తమ ఇష్టం వచ్చినట్లు మార్చవచ్చునని సంబరపడే విద్యార్థికి రస్కిన్ వెంటనే చల్లటి నీళ్లు చల్లినాడు. ఈ మార్పు బుద్ధిపూర్వకంగా చేసే అలంకరణ కాదన్నాడు. ఇక్కడ కొండ ఉంటే బాగుంటుంది, అక్కడ పడవ ఉంటే ఖాళీ నిండుతుంది అని లెక్కవేసి చేర్చేది వేరు. చూచిన వేరొక చోటు, పడిన ఒక అనుభవం అడగకుండానే చేతిలోనికి దిగివచ్చేది వేరు. రెండవది లేనివారు, అనగా మనలో నూటికి తొంబదితొమ్మిదిమంది, ఉన్నది ఉన్నట్లు గీయటమే ఉత్తమమని, దానివలన లోకానికి మేలు కూడ ఎక్కువ అని ఆయన మతం.

రస్కిన్ మాట కొంత కఠినమే. ఊహ కొందరికే పుట్టుకతో వస్తుందన్నట్లు మాటలాడటం పాఠశాలలో పనికిరాదు. కాని ఆయన గీసిన గీత సరియైన చోటనే ఉన్నది. పడవ గీసిన పిల్లవాడు సెలవులకు గోదావరి గట్టున మేనమామ ఇంటికి పోయి వచ్చి ఉండవచ్చు. నీరు అనగానే వానికి పడవ మెదలినదేమో. అప్పుడది వాని ఫైడో బండి. కాక, కాగితంలో కింది సగం ఖాళీగా ఉన్నదని, కేలండరు బొమ్మలో చూచిన పడవను అతికించినాడేమో. అప్పుడది వట్టి నింపుడు. ఈ తేడాను కాగితం చూచి చెప్పటం ఒక్కొక్కప్పుడు కష్టం. పిల్లవాడిని అడిగితే సులభం.

కారణం ఎంత నిజమైనదైనా, చేర్చిన వస్తువు ఆ స్థలపు చట్టాలకు లోబడవలె. అనుభవం లేనివారి చేతిలో చేర్పులు పట్టుబడేది ఇక్కడనే. ఎండ ఎడమనుండి పడుతూ గుడినీడ కుడికి సాగి ఉండగా, పడవనీడ ఎడమకు పడితే ఆ పడవ వేరొక సూర్యునికింద తయారైనదని తెలిసిపోతుంది. నిలకడ నీటిలో ప్రతిబింబం వస్తువుకు సరిగా కిందనే ఉండవలె. గాలికి అలలు లేచినప్పుడు అది చెదరి నిలువుగా సాగుతుంది. గుడి ప్రతిబింబం చెదరి ఉంటే పడవ ప్రతిబింబం అద్దంలోవలె ఉండటానికి వీలులేదు.

మనుషులను చేర్చటంలో పొరపాట్లు మరీ ఎక్కువ. గీసేవాడు నిలుచుండి గీస్తే, సమతలమైన నేలమీద నిలిచిన మనుషుల తలలు దగ్గరివైనా దూరపువైనా ఇంచుమించు ఒకే మట్టానికి వస్తవి. అది గీసేవాని కంటిమట్టం. పొడవులో తగ్గేది కాళ్లవైపునుండి. ముక్కాలిపీటమీద కూర్చుండి గీస్తే ఆ మట్టం నిలిచినవారి నడుముకు కొంచెం పైగా పోతుంది. ఈ సూత్రం తెలియక దూరపు మనిషిని చిన్నగా గీసి దగ్గరివాని మోకాలివద్ద నిలబెడితే, వాడు దూరాన ఉన్నట్లు గాక, మరుగుజ్జుగా పక్కనే ఉన్నట్లు కనబడతాడు. కొండలకు వేరొక చట్టమున్నది. దూరంపోయినకొద్దీ గాలి అడ్డుపడి వర్ణాలు పాలిపోతవి, అంచులు మెత్తబడతవి. గుడి వెనుక కొండను గుడితో సమానమైన నల్లని గీతతో గీస్తే అది కొండ కాక గుడిగోడ అవుతుంది. కనుక లేనిది చేర్చదలచినవాడు ఉన్నదానిని మరింత శ్రద్ధగా చూడవలసి ఉంటుంది. బ్రూగెల్ కొండలు మనలను నమ్మించగలుగుతున్నవంటే, వాటిని అతడు ఆల్ప్స్‌లో కళ్లారా చూచి గీసికొన్నందువలననే.

ఇంతవరకు వచ్చిన మాట అందాన్ని గూర్చి. చేర్పు మరొకరి జీవితానికి, ఒక నగరపు భవిష్యత్తుకు సంబంధించినదైతే ఏమవుతుంది?

కనలెట్టో మేనల్లుడు, శిష్యుడు అయిన బెలొట్టో పోలండు దేశానికి వలసపోయి, అక్కడి రాజు స్టనిస్లావ్ అగస్టు ఆస్థానంలో చేరి, 1770 మొదలు 1780లో తాను గతించేవరకు వార్సా నగరపు వీధులను, రాజభవనాలను, చర్చీలను చిత్రించినాడు. చీకటిపెట్టెలో కటకంద్వారా పడే ప్రతిబింబాన్ని అనుసరించి గీసే పరికరం సాయం కూడ అతడు తీసికొన్నాడు. చిత్రాలు రాజుగారి కోటలో వ్రేలాడినవి. నూట అరువదియేండ్లు గడచినవి. 1944లో వార్సా ప్రజలు తిరుగబడినప్పుడు, నాజీ సేనలు ఆ తిరుగుబాటును అణచి, తరువాత నగరాన్ని వీధివీధిగా, పనిగట్టుకొని నేలమట్టం చేసినవి. పాతనగరంలో నూటికి ఎనుబదియైదు పాళ్లకుపైగా నాశనమైనది. కోటను మందుగుండుతో పేల్చివేసినారు.

యుద్ధానంతరం వార్సావాసులు ఆ పాతనగరాన్ని మళ్లీ కట్టవలెనని నిశ్చయించినారు. ఏది చూచి కట్టవలె? యుద్ధానికి ముందు వార్సా పాలిటెక్నిక్‌లోని వాస్తువిద్యార్థులు గురువుల పర్యవేక్షణలో ఒక్కొక్క పాతభవనాన్ని కొలిచి గీసిన పటాలుండెను. వాటిని నగరంనుండి రహస్యంగా దాటించి పియోత్ర్‌కూఫ్ అనే ఊరి మఠంలో దాచినారు. తరగతి గదిలో మార్కులకోసం గీసిన ఆ పటాలకు అంతటి పని పడగలదని గీసిన నాడు ఎవరూ అనుకొని ఉండరు. వాటికి తోడు ఫొటోలు, మిగిలిన శిథిలాలు. ఇవిగాక బెలొట్టో చిత్రాలు. నాజీలు ఎత్తుకొనిపోగా యుద్ధం ముగిసిన తరువాత అవి తిరిగి దొరికినవి. పలు భవనాలను యుద్ధానికి ముందున్నట్లు గాక, బెలొట్టో కాలంలో ఉండినట్లు కట్టటానికి ఆ చిత్రాలే ఆధారమైనవి.

చిక్కు ఇక్కడనే ఉన్నది. బెలొట్టో కనలెట్టోకు మేనల్లుడు గదా. ఎంత నిక్కచ్చిగా గీసినా, అక్కడక్కడ ఒక భవనపు ముఖాన్ని ఉన్నదానికన్న సొంపుగా దిద్దినాడు, నిష్పత్తులు సవరించినాడు. రాజుగారి కంటికి ఇంపుగా ఉండటానికి చేసిన ఆ సవరణలలో కొన్ని రెండువందల యేండ్ల తరువాత ఇటుకతో, సున్నంతో నిజమైనవి. చిత్రకారుడు కాగితంమీద కలగన్న భాగం నేడు వీధిలో నీడ పరుస్తూ ఉన్నది. 1980లో యునెస్కో ఆ పాతనగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. 1971లో మొదలైన కోట పునర్నిర్మాణం ముగిసి, 1984లో ద్వారాలు తెరచినారు. తమ నగరం తిరిగి లేచి నిలుచుట చూచినవారికి ఈ చిన్న సవరణలు పట్టవలసిన పని లేదు. వారు కోల్పోయినదానిముందు అవి ఏపాటివి? అయినను కనలెట్టో ముఖపత్రంవంటి హెచ్చరిక బెలొట్టో చిత్రాలకు ఉండి ఉంటే, కట్టేవారికి ఏది రాయి, ఏది ఊహ అన్నది తెలిసి ఉండేది.

మన గడ్డమీద ఇట్టి కథ అమరావతిది. 1798లో కర్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి మొదటిసారి వచ్చేనాటికే, రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి కొత్త పట్టణ నిర్మాణానికి దీపాలదిన్నెను తవ్వుతూ, బయటపడిన రాళ్లను వాడుకొనసాగినారు. 1816లో ఆయన సర్వే బృందంతో తిరిగి వచ్చేసరికి దిన్నె నడిబొడ్డు గొయ్యియై ఉన్నది. ఆ యేడు మొదలుకొని రెండుమూడేండ్లలో ఆయన చిత్రలేఖకులు స్తూపపు పలకలను ఒక్కొక్కటిగా గీసినారు. ఆ పటాల సంపుటం లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. విరిగిన పలకను విరిగినట్లే గీసినారు. అరిగిపోయిన ముఖానికి ముక్కూ కళ్లూ కల్పించలేదు. అటు తరువాత పలకలు కొన్ని మద్రాసుకు, కొన్ని లండనుకు, కొన్ని కలకత్తాకు చేరినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలి సున్నమైపోయినవి. వాటిలో కొన్నిటికి ఈ పటాలే మిగిలిన ఆనవాళ్లు. అక్కడ ఒక చిత్రలేఖకుడు అందంకోసం ఒక్క పువ్వును చేర్చి ఉన్నా, ఆ పువ్వు శాతవాహనుల నాటిదని మనం ఈనాడు పాఠాలు చెప్పుకొంటూ ఉండేవారము.

అయితే ఆ పలకలను చెక్కిన శిల్పులు స్వయంగా ఏమి చేసినారో చూడండి. స్తూపపు పాదభాగాన అమర్చిన పలకలలో కొన్నిటిమీద ఆ స్తూపాన్నే చెక్కినారు. సుమారు 160 అడుగుల వ్యాసం గల కట్టడం, శిల్పి పనిచేసే చోటికి ఎదురుగా, నిత్యం కంటబడేది. చుట్టూ కంచె, ద్వారాలవద్ద సింహాలు, ఒక్కొక్క దిక్కున అయిదేసి ఆయక స్తంభాలు, అన్నీ పలకమీద ఉన్నవి. వాటితోపాటు గుమ్మటానికి ఇరువైపుల ఆకాశంలో దేవతలు తేలుతూ వస్తున్నారు. ద్వారంలో పడగలు విప్పిన నాగరాజు ఉన్నాడు. స్తంభాలను శిల్పి కంటితో చూచినాడు. దేవతలను చూడలేదు. కాని యాత్రకు వచ్చి ప్రదక్షిణం చేసే భక్తుని కంటికి ఆకాశం శూన్యం కాదని అతనికి తెలుసు.

గుమ్మటం పోయినది, కంచె చెల్లాచెదరైనది. స్తూపం నిలిచి ఉన్ననాడు ఎట్లుండెనో ఊహించి పటాలు గీసే పండితులు ఈనాటికీ ఆ పలకలనే ఆశ్రయిస్తున్నారు. స్తంభాలు అయిదని, కంచె ఇంత ఎత్తని, సింహాలు ఇక్కడ ఉండెనని వాటినుండి ఎత్తి రాసికొంటారు. ఆకాశంలోని దేవతలను కొలిచి పటంలో వేసినవారు ఒక్కరూ లేరు.